అవ్వ పేరు మీది నంబరు

చీరలు చూస్తామని వచ్చిన ఆ ఇద్దరు ఆడవాళ్లు చీరల కోసం రాలేదని మూడో చీర మడత విప్పుతున్నప్పుడే వెంకటనర్సమ్మకు తెలిసిపోయింది. కొనేవాళ్లు కొంగు పట్టుకుని వెలుతురులోకి తీసుకుపోతారు. అంచు తిరగేస్తారు. ధర అడిగి మూతి విరుస్తారు. వీళ్లు చీర మీద చెయ్యి పెట్టి ఆమె మొహం చూస్తున్నారు.

శ్రావణం ముసురు పట్టి నాలుగు రోజులైంది. రంగులద్దిన దారం ఆరక ఇంట్లోనే దండేల మీద వేలాడుతోంది. అటూ ఇటూ తిరగాలంటే తల వంచాలి. లోపలి అర్రలో కొడుకు లక్ష్మీనర్సయ్య గుంటమగ్గంలోకి కాళ్లు దించి నేస్తున్నాడు. కోడలు అండాలు అతని వెనక కండెలు చుడుతోంది. వెంకటనర్సమ్మ ఎప్పటిలాగే ముందుగదిలో ఆసు దగ్గరే ఉంది. ఆసు అంటే ఒక చెక్క. దాని ఒక కొసన ఒంటి మేకు, రెండో కొసన నెలవంకలాగా వరుస మేకులు. ఒంటి మేకు దగ్గర బయల్దేరిన దారాన్ని ఒక్కో మేకుకు తగిలించి మళ్లీ వెనక్కి తేవాలి. ఒక చీర పేకకు చెయ్యి తొమ్మిది వేల సార్లు పోయి రావాలి. పదకొండో ఏట పట్టుకున్న ఆసు ఇది. ఇప్పుడామెకు అరవై తొమ్మిది.

రోజూ పొద్దున్నే వచ్చి పక్కన కూర్చునే సింధూజ వారం రోజులుగా రావడం లేదు. ఆసు పోసిన దారానికి రంగు అంటగూడని చోటల్లా రబ్బరు పట్టీలు బిగించి చిటికి కట్టడం ఆ పిల్ల పని. డిగ్రీ ఆఖరు ఏడాది చదువుతూనే కట్టేది. జ్వరమని వాళ్లమ్మ కబురు పంపింది. చిటికి కట్టని దారం మూలన అట్లాగే పడి ఉంది.

“అవ్వా, మగ్గం సప్పుడు గట్టిగున్నది. జర ఇటు కూసుందామా?” అంది ఇద్దరిలో పెద్దామె. ముప్పై అయిదేళ్లుంటాయి. కూర్చున్నాక సంచిలోంచి ఒక కార్డు తీసి చూపించింది. “నేను ఎస్సైని అవ్వా. మంజులత నా పేరు. నల్లగొండ నుంచి వచ్చినం. ఈమె కానిస్టేబులు.”

వెంకటనర్సమ్మ చేతిలోని దారం ఒంటి మేకు దగ్గరే ఆగిపోయింది.

“మా కొడుకేం జేసిండు బిడ్డా?”

“మీ కొడుకు గాదు. నీ కోసమే వచ్చినం.”

“నా కోసమా?” ఆమెకు నవ్వొచ్చింది. “నేనేం జేసిన? గీ గడప దాటి ఎన్ని దినాలైందో. టేషన్‌కు గిట్ల రావాల్నా?”

“రావద్దు. ఆడోళ్లను అడిగేదుంటే ఇంటి కాడికే పోయి అడగాలని చట్టం. గల్లీల నీ పేరు ఖరాబ్ కావొద్దని పోలీసు డ్రెస్సు గూడ ఏసుకోకుండ వచ్చినం.” ఎస్సై ఒక కాగితం తీసింది. “ఈ నంబరు నీదేనా?”

వెంకటనర్సమ్మ కాగితాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుంది. ఆమె బడికి పోలేదు. దారం కట్టలకు చుట్టి వచ్చిన పాత పేపర్ల మీద అక్షరం అక్షరం కూడబలుక్కుని ఎవరూ చెప్పకుండానే చదువు పట్టుకుంది. అంకెలు ఒక్కొక్కటే పైకి చదివి తల అడ్డంగా ఊపింది.

“నాది గాదు. నా నంబరు గా గోడ మీద ఉన్నది సూడు. మా మనవడు రాసిండు.”

“అది నీదే. ఇది గూడ నీదే అవ్వా. నీ ఆధారు కార్డు, నీ వేలిముద్ర మీదనే తీసుకున్నరు.” ఎస్సై గొంతు తగ్గించింది. “ఈ నంబరుకెంచి ఒక ఆడపిల్లకు పాడు బొమ్మలు పోతున్నయ్. మొఖం ఆ పిల్లదే. ఒళ్లు మాత్రం ఆమెది గాదు, ఫోన్ల తయారు చేసింది. నేను పిలిచిన కాడికి ఒక్కదానివే రా, రాకుంటే అందరి ఫోన్లకు పంపిస్త అని బెదిరింపు.”

“ఎవల పిల్ల?”

“అది చెప్పం. నీకే గాదు, ఎవ్వలకు చెప్పం.”

లోపల మగ్గం ఆగింది. మళ్లీ కదిలింది. వెంకటనర్సమ్మ తన కుడిచేతి బొటనవేలి వైపు చూసుకుంది. యాభై ఎనిమిదేళ్ల దారం రాపిడికి వేలికొస గాజుపెంకులా నున్నగా అయిపోయింది. గీతలు లేవు. నెలనెలా పింఛను కోసం పోస్టాఫీసుకు పోతే ఆ మిషను ఆమె వేలిని ఒక పట్టాన ఒప్పుకోదు. తుడిచి పెట్టు, తడి చేసి పెట్టు, గట్టిగా ఒత్తు, ఇంకోసారి ఒత్తు. అందుకే ఎవరు ఎన్నిసార్లు ఒత్తమన్నా ఎందుకని అడగడం ఆమెకు ఎన్నడో మరుపైంది. పోయినేడు పోస్టాఫీసు ముందర గొడుగు కింద కొత్త సిమ్ము తీసుకున్నప్పుడు కూడా అంతే. నాలుగుసార్లు ఒత్తించారు. “పడ్తలేదు అవ్వా, ఇంకోపాలి” అంటూ ఆమె వేలిని తన వేళ్లతో పట్టి మిషను మీద ఆనించింది మనవడు శ్రవణ్.

“యాదికొస్తున్నదా?” అని అడిగింది ఎస్సై.

“లేదు బిడ్డా. నాకేం తెల్వదు.”

ఎస్సై తొందరపెట్టలేదు. “నాలుగు దినాల సంది ఆ సిమ్ము బంద్ ఉన్నది. కంపెనోళ్ల కాణ్నుంచి వివరాలు రావాలె. ఎల్లుండి మళ్లొస్త. అప్పటిదాంక యాది చేసుకో.” నోటీసు చేతిలో పెట్టి, దాని మీద తన నంబరు రాసింది. పోతూ పోతూ వాకిట్లో గట్టిగా, నలుగురికీ వినబడేలా అంది: “అంచు జర పెద్దగుంటే బాగుండు అవ్వా. ఎల్లుండొచ్చి మళ్ల చూస్తం.”

దీపాలు పెట్టే వేళకు కొడుకునూ కోడలినీ కూర్చోబెట్టి ఆ నోటీసును చదివి వినిపించింది వెంకటనర్సమ్మ. మాటమాటకూ ఆగుతూ చదివింది. లక్ష్మీనర్సయ్య మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని విన్నాడు.

“నీ పేరు మీద ఏందమ్మా ఇది? ఎవడన్న కొట్టేసిండా నీ ఆధారు కార్డు?”

అండాలు పైకే నవ్వింది. “మా అత్త పోరగాండ్ల తీర్గ ఫోన్ల బొమ్మలు పంపిందంటే పేపర్ల మొదటి పేజీల ఏస్తరు. ఓ అత్తా, మంచి చీర కట్టుకో, ఫోటో దిగేదుంటది.”

లక్ష్మీనర్సయ్య కూడా నవ్వాపుకోలేకపోయాడు. అప్పుడే శ్రవణ్ వచ్చాడు. నార్కట్‌పల్లి పోయి చీరల పార్సిళ్లు వేసి వచ్చాడు, తల మీది నుంచి నీళ్లు కారుతున్నాయి. ఇరవై మూడేళ్లవాడు. చీరలకు ఫోటోలు తీసి ఫోన్‌లో పెట్టి అమ్మకాలు చూసేది వాడే. వాడు ఆ పని పట్టుకున్న తర్వాతే ఇంట్లో మగ్గం ఖాళీ లేకుండా ఆడుతోంది.

“అవ్వ మీద కేసైందిరా!” అంది తల్లి. “ఎవనికో పాడు బొమ్మలు పంపిందట అవ్వ నంబరు.”

వాడు తువ్వాలతో తల తుడుచుకోవడం ఆపలేదు. తువ్వాల చాటునుంచే అన్నాడు: “దానికేమున్నది? ఆ రెండో సిమ్ము నేనెన్నడు చూడలే, పింఛను లైన్ల యాడనో పడిపోయింది అని చెప్పు అవ్వా. ముసలోళ్ల మాట నమ్ముతరు. అంతటితోని అయిపోతది.”

“గంతే,” అన్నాడు లక్ష్మీనర్సయ్య తేలికపడి. “గట్లనే చెప్పు అమ్మా.”

రెండో సిమ్ము అన్న మాట వెంకటనర్సమ్మ నోటి నుంచి రాలేదు. చదివిన కాగితంలోనూ లేదు. ఆమె మనవడి కాళ్ల వైపు చూసింది. బురద పాదాలు చాప అంచున ఒకదాన్నొకటి రుద్దుకుంటున్నాయి. చిన్నప్పుడు కండె విరగ్గొట్టి దాచినప్పుడు కూడా వాడు ఇట్లాగే రుద్దుకునేవాడు. అన్నం పెడితే ఆమె రెండు ముద్దలు తిని లేచింది.

మర్నాడు పొద్దున్నే ముసురులోనే కొంగు నెత్తిన వేసుకుని నాలుగిళ్ల అవతలి బిక్షమ్మ ఇంటికి పోయింది. మొగుడు పోయినప్పటి నుంచి బిక్షమ్మ రంగులద్దుతూ కూతుర్ని చదివిస్తోంది. తలుపు ఓరగా తీసి నిలబడింది.

“నర్సమ్మత్తా, నువ్వే వచ్చినవా వానల? జ్వరం తగ్గుతలేదే. దవాఖానకు పోదామంటే మంచం దిగది. ఒక్క మెతుకు ముడితే ఒట్టు. నువ్వన్న అడుగు, నాతోని మాట్లాడ్తనే లేదు.”

సింధూజ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. నుదుటి మీద చెయ్యి వేసి చూసింది వెంకటనర్సమ్మ. చల్లగా ఉంది. బిక్షమ్మ చాయ పెట్టడానికి లోపలికి పోయాక ఆ పిల్ల గోడతోనే మాట్లాడినట్టు అంది:

“అవ్వా, నీకొకటి చెప్తే ఎవ్వలకు చెప్పవు గదా.”

“చెప్పు బిడ్డా.”

చెప్పింది. గొంతులో ఏడుపు కూడా లేదు. ఎక్కడో చదివింది అప్పజెప్పినట్టు చెప్పింది. ఎవరో తెలియని నంబరు నుంచి బొమ్మలు రావడం, భువనగిరిలో ఫలానా లాడ్జికి రమ్మనడం, కాలేజీలో సుచరిత మేడం తోడుండి కంప్లైంటు ఇప్పించడం, ఆ తర్వాత ఇంకా పాడు బొమ్మలు రావడం.

“నేను కంప్లైంటు ఇచ్చిన సంగతి గూడ వానికి ఎరుకైంది అవ్వా. ఎట్ల ఎరుకైందో. నేను శ్రవణన్నకు తప్ప ఎవ్వలకు చెప్పలే.”

వెంకటనర్సమ్మ చెయ్యి ఆ పిల్ల నుదుటి మీది నుంచి జారి మంచం పట్టె మీద పడింది.

“శ్రవణ్‌కు ఎందుకు చెప్పినవే?”

“అన్న గదా. చిన్నప్పటి సంది చూసినోడు. కేసు వాపస్ తీసుకో, లేకుంటే పోలీసోళ్లే ఆ బొమ్మలు నలుగురికి చూపిస్తరు, అమ్మకు గూడ చూపిస్తరు అన్నడు. నిజమే గదా. ఇయ్యాల ఎస్సై మేడంకు ఫోన్ జేసి వద్దంట.” గోటితో గోడ గీరుతూ, “అయినా ఆ బొమ్మలు పంపేటోడు ఊకుంటడా? ఊకోడు,” అంది.

పట్టె కిందికి జారిన వెంకటనర్సమ్మ వేళ్లకు చల్లగా ఇనుము తగిలింది. వంగి చూసింది. మంచం కింద, చెయ్యి చాస్తే అందేచోట, రంగుల్లో కలిపే మందు డబ్బా. అది వెనక పంచలో గాబు పక్కన ఉండాల్సింది. అయిదు రోజులుగా ముసురు, ఏ ఇంట్లోనూ రంగు పని నడవడం లేదు. మూత వదులు చేసి ఉంది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. వెంకటనర్సమ్మ డబ్బా తీసి మూత గట్టిగా బిగించి ఒళ్లో పెట్టుకుని పైన కొంగు కప్పింది.

“రెండు దినాలు నాకు టైమియ్యి బిడ్డా,” అంది. “రెండే దినాలు. నీ కాళ్లు మొక్కుత.”

సింధూజ దుప్పటి నెత్తి మీదికి లాక్కుంది.

బయటికి వస్తూ బిక్షమ్మ చెయ్యి పట్టుకుంది. “రెండు దినాలు పిల్లను ఒక్కదాన్ని ఇడువకు. రంగులు, మందులు ఏమున్నా నా ఇంట్ల ఏసిపో. ఎందుకని అడగకు.” బిక్షమ్మ అడగలేదు. అత్త కొంగు కింది ఉబ్బు వైపు చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

శ్రవణ్ మేడమీది రేకుల గదిలో ఉన్నాడు. చీరలకు ఫోటోలు తీసేది అక్కడే. గోడకు తెల్లగుడ్డ, ముందర గుండ్రటి లైటు. సింధూజ కొత్త చీర కట్టుకుని ఆ గుడ్డ ముందు నిలబడితే వాడు ఫోటోలు తీసేవాడు. చీరకింత అని ఆ పిల్లకు ఇచ్చేవాళ్లు. ఆ ఫోటోలు చూసే హైదరాబాదు వాళ్లు ఆర్డర్లు పెట్టేవాళ్లు. వెంకటనర్సమ్మ మెట్లెక్కి వచ్చి తలుపు దగ్గర ఊపిరి తీసుకుంది. రేకుల మీద వాన చప్పుడుకు కింద ఉన్నవాళ్లకు ఏమీ వినబడదు.

“చూపియ్యి,” అంది.

“ఏంది?”

“ఏందని నన్ను అడుగుతవా? నా యేలు పట్టుకుని నాలుగు మాట్ల ఒత్తిచ్చినోనివి. చూపియ్యి.”

వాడు అవ్వ మొహంలోకి చూశాడు. అబద్ధం చెప్పబోయి మానుకున్నాడు. “నిజం ఫోటోలు గావు అవ్వా. ఫోన్ల చేసినయే. ఎవ్వలకు పంపలే, ఆమెకే పంపిన. ఊకె భయపెడ్దామని.”

“చూపియ్యి అన్న.”

చీరల దొంతర సందులోంచి ఒక పాత ఫోను తీశాడు. ఆమె చేతికి ఇవ్వకుండా తనే పట్టుకుని చూపించాడు. వెంకటనర్సమ్మ ఒక్కటే చూసింది. చాలు. మొహం సింధూజది. మొన్న ఉగాదికి తీసిన ఫోటో అది. ఆ రోజు ఆ పిల్ల కట్టుకుంది తను ఆసు పోసిన ఎర్రచీర. కుడిభుజం పడిపోయినా కాపడం పెట్టుకుని పోసింది. తొమ్మిది వేల సార్లు చెయ్యి పోయివచ్చిన ఆ చీర బొమ్మలో లేదు. వీడు ఒక వేలితో తీసిపారేశాడు.

ఆమె గోడ పట్టుకుని కిందికి జారి కూర్చుంది.

“ఎందుకురా?”

“పెండ్లి చేసుకుంటనని అడిగిన. ‘అన్నా, గదేం మాట?’ అన్నది. నవ్వింది అవ్వా. నా మొఖం మీదనే నవ్వింది.” వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. తనకే అన్యాయం జరిగిందని వాడు నిజంగానే నమ్ముతున్నట్టుంది. “ఇగ చెయ్య. నీ తోడు. నీ ముంగటనే అన్ని తీసేస్త, చూడు.” ఆమె చూస్తుండగానే వేలు గబగబా ఆడించాడు. “పోయినయ్. ఒక్కటి లేదు. ఆమె గూడ కేసు వద్దంటదట. ఇగ నువ్వొక్కదానివి సిమ్ము పడిపోయిందను. నన్ను తీస్కపోతే బాపు బతుకుతడా? నీ కాళ్లు పట్టుకుంట.”

పట్టుకున్నాడు కూడా. వాడి తల ఆమె మోకాళ్లకు ఆనింది. ఆ తలకు ఎన్నేళ్లు నూనె అంటిందో ఆమెకు లెక్క లేదు. భివండిలో మిల్లు పనికి పోతున్నానని ఆమె మొగుడు ఇట్లాగే వాన పడుతున్న పూట సంచి భుజానికి వేసుకుని పోయాడు, మళ్లీ రాలేదు. అప్పుడు లక్ష్మీనర్సయ్యకు ఆరేళ్లు. ఆ బస్సు మలుపు తిరిగేదాకా నిలబడ్డ కాళ్లు ఇవి. ఇంకొకరిని సాగనంపే శక్తి తనకు లేదని అనుకుంది. అందుకే, తనకు తెలియకుండానే, వాడి తల మీద చెయ్యి వేసింది.

“బొమ్మలు అన్ని పోయినయా?”

“అన్ని పోయినయ్ అవ్వా.”

సాయంత్రం బిక్షమ్మ మందులన్నీ తట్టలో పెట్టుకుని వచ్చి వెనకింట్లో దించింది.

మూడో నాడు పది గంటలకు ఎస్సై వచ్చింది. ఈసారి కానిస్టేబులు చేతిలో రాతకాగితాలున్నాయి. లక్ష్మీనర్సయ్య మగ్గంలోంచి లేచి వచ్చి తలుపు పక్కన నిలబడ్డాడు. అండాలు చాయ తెచ్చింది. శ్రవణ్ మేడమీదే ఉన్నాడు.

“యాదికొచ్చిందా అవ్వా?”

వెంకటనర్సమ్మ ఆసు మీద చూపు నిలిపి చెప్పింది. పోయినేడు పింఛనుకు పోయిన నాడు సిమ్ము తీసుకున్నానని, వేలు పడడం లేదని నాలుగుసార్లు ఒత్తించారని, ఇంకొకటి ఇచ్చారో లేదో ఎరుకలేదని, ఇచ్చినా ఆ లైన్లో ఎక్కడో పడిపోయి ఉంటుందని. చెప్పిందాంట్లో ముప్పాతిక నిజమే కాబట్టి గొంతు తడబడలేదు. ఎస్సై ఆమె వేలిని తన అరచేతిలోకి తీసుకుని చూసింది. నిట్టూర్చింది.

“ఆసు పోసేటోళ్లందరికి ఇదే తిప్పల. రాసుకో,” అంది కానిస్టేబులుతో. “కంపెనోళ్లు పంపిన దాంట్ల గూడ ఏం దొరకలే. ఆ ఫోను ఎవ్వల పేరు మీద లేదు.”

రాయడం అయిపోయింది. కానిస్టేబులు చదివి వినిపించింది. లక్ష్మీనర్సయ్య తలుపును వదిలి సరిగ్గా నిలబడ్డాడు. అండాలు, “చాయ తాగున్రి మేడం, చల్లారుతది,” అని నవ్వు మొహంతో అంది. ఎస్సై చాయ తాగి గ్లాసు పక్కన పెట్టింది. లేచి ఒక కాలికి చెప్పు వేసుకుంది. రెండో చెప్పు కోసం కాలితో వెతుకుతూ, ఎవరితోనో కాదు, తనలో తను అనుకున్నట్టుగా అంది:

“ఆ పిల్ల రాత్రి నాకు ఫోన్ చేసింది. కేసు వద్దన్నది. వద్దంటే పోదమ్మా, నువ్వు ధైర్యంగుండు అన్న. మళ్ల ఒక్కటే మాట అడిగింది. మేడం, నేను లేకుంటే కేసు దానంతట అదే పోతది గదా అని.” రెండో చెప్పు దొరికింది. “ఆ మాట వినంగనే నా పానం పోయింది. ఇప్పుడు ఆ ఇంటికే పోతున్న.”

“ఆగు,” అంది వెంకటనర్సమ్మ.

లేవబోయింది. ఆసు చెక్క పట్టుకుని లేస్తే పోసిన దారమంతా మేకుల మీది నుంచి ఊడి పక్కకు ఒరిగింది. పొద్దుటి నుంచి చేసిన పని చిక్కుబడిపోయింది. ఆమె చూసుకోలేదు.

“నేను చెప్పింది అబద్ధం బిడ్డా. గా కాయితం చింపెయ్యి. సిమ్ము పడిపోలే.”

“అత్తా!” అంది అండాలు.

“నా మనవడే. శ్రవణ్. నా యేలు పట్టుకుని ఒత్తిచ్చింది వాడే. బొమ్మలు చేసింది వాడే. నేను కండ్లార చూసిన. నా ముంగట తీసేసిండు గని...”

“తీసేసినా మేం మళ్ల బయటికి తీస్తం,” అంది ఎస్సై మెల్లగా. ఆమె మళ్లీ కూర్చుంది. “ఫోనున్నదా?”

అండాలు వచ్చి అత్త రెండు భుజాలు పట్టుకుని ఊపింది. “మతి పోయిందా నీకు? ముసలిదానా, వాడు నీ రక్తం గాదా? ఎవతె కోసం చెప్తున్నవ్? ఆ పిల్ల ఎవతో నాకు ఎరుక లేదనుకున్నవా? ఫోటోలకు నవ్వుకుంట నిలబడ్డప్పుడు లేదా సిగ్గు? ఇప్పుడే పోయి వాకిట్ల నిలబడి అడుగుత దాన్ని!”

ఎస్సై గొంతు అప్పుడు మారింది. “అడుగు. అడిగినవంటే ఇంకో కేసు నీ మీద రాస్త. ఆ పిల్ల పేరు నీ నోట బయటికొచ్చినా, ఆమె గడపల నువ్వు కాలు పెట్టినా మంచిగుండదు. తెలిసిందా అమ్మా?”

అండాలు కింద కూలబడింది. లక్ష్మీనర్సయ్య పోయి మళ్లీ మగ్గం గుంటలో కూర్చున్నాడు. కూర్చుని నెయ్యలేదు. అంచు దగ్గర తెగని పోగు ఒకదాన్ని పట్టుకుని ముడి వేస్తున్నాడు, విప్పుతున్నాడు, మళ్లీ వేస్తున్నాడు.

వెంకటనర్సమ్మ మెట్లెక్కింది. ఎస్సై వెనకే ఎక్కింది. శ్రవణ్ తెల్లగుడ్డ ముందర నిలబడి ఉన్నాడు. తల్లి అరుపులు విన్నాడేమో, పారిపోవడానికి ప్రయత్నించలేదు. ఆమె చీరల దొంతరలో చెయ్యి పెట్టి వెతికింది. మూడో చీర కింద ఫోను ఉంది. తీసి ఎస్సై చేతిలో పెట్టింది.

“అవ్వా,” అన్నాడు వాడు.

జీపు లేదు, బేడీలు లేవు. వీధి చివర నిలిపిన మామూలు కారు దాకా వానలో ముగ్గురూ నడుచుకుంటూ పోయారు. ఇరుగుపొరుగు వాళ్లు చీరలు కొనేవాళ్ల వెంట పార్సిలు ఇవ్వడానికి పోతున్నాడనుకున్నారు. వాడు ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. వెంకటనర్సమ్మ వాకిట్లో నిలబడి చూసింది. కారు మలుపు తిరిగాక కూడా నిలబడింది. లోపల అండాలు శోకం పెట్టి ఏడుస్తోంది. ఆ ఏడుపులో తన పేరు పదేపదే వినబడుతోంది. ఈ ఇంట్లో ఇకమీదట తన ముందుకు అన్నం కంచం ఎవరు తోస్తారో ఆమెకు తెలియదు. కొడుకు తనతో మాట్లాడతాడో లేదో తెలియదు.

పొద్దు వాలేదాకా ఆగింది. ఎస్సై తిరిగొచ్చి బిక్షమ్మ ఇంటికి కూడా పోయి వచ్చిందని కిటికీలోంచి చూసి తెలుసుకుంది. అప్పుడు లేచి, గోడలు పట్టుకుంటూ నాలుగిళ్లు నడిచి ఆ తలుపు ముందర నిలబడింది. తలుపు లోపలి నుంచి గొళ్లెం పెట్టి ఉంది.

“బిక్షమ్మా, నేనే. పిల్ల ఎట్లున్నది?”

లోపల మాటలు ఆగిపోయాయి. బిక్షమ్మ అడుగులు గడప దాకా వచ్చి నిలిచాయి. గొళ్లెం తియ్యలేదు.

“ఇంటికి పో నర్సమ్మత్తా,” అంది తలుపు వెనక నుంచి. “నిన్నేమంట? నువ్వు చెప్పినవంట, మేడం అన్నది. గని నీ మొఖం చూస్తే నాకు వాడే కనబడ్తడు. పో.”

“పోత. ఒక్కమాట మాట్లాడి పోత. పిల్లను పలుకుమను.”

ఆమె గడప మీదే కూర్చుంది. చూరు నీళ్లు పాదాల మీద పడుతున్నాయి. కాళ్లు లోపలికి లాక్కోలేదు. మంచం కింద తన వేళ్లకు తగిలిన ఆ చల్లటి ఇనుము ఇంకా వేళ్లకు అంటుకునే ఉన్నట్టుంది. ఒక్క అలికిడి వినబడితే చాలనుకుంది. మంచం కిర్రుమన్నా చాలు, దగ్గినా చాలు.

లోపల ఏదో దబ్బున పడింది. ఆమె తలుపు మీద రెండు అరచేతులూ ఆనించి లేచింది.

“సింధూజా! బిడ్డా!”

“ఎందుకు మొత్తుకుంటున్నవ్?” తలుపుకు అవతల, చాలా దగ్గర్నుంచి ఆ పిల్ల గొంతు కొట్టినట్టు వచ్చింది. “పుస్తకాల సంచి పడ్డది. పో అవ్వా! నీ ఇంట్ల కూసుని చిటికి కట్టిన. నీ ఇంట్ల చీర కట్టుకున్న. అన్నా అని పిలిచిన వాణ్ని. నీకెప్పుడు తెలిసింది? నిన్న నా మంచం మీద కూసున్నప్పుడు తెలుసు గదా? తెలిసి గూడ నోరు మూసుకున్నవ్! కోర్టుల నిన్ను గూడ అడుగుత. అందరి ముంగట అడుగుత. పో ఈడికెంచి! ఎన్నడు రాకు!”

తలుపు చెక్క అదిరింది. లోపలి నుంచి చేత్తో గుద్దినట్టుంది.

వెంకటనర్సమ్మ అరచేతులు ఆ చెక్క మీదే ఉన్నాయి. కోర్టులో అడుగుతానంది. నిన్న గోడతో మాట్లాడిన గొంతు కాదిది. ఈ గొంతులో మంట ఉంది, పగ ఉంది, రేపు ఉంది.

“అడుగు బిడ్డా,” అంది తలుపుతో. “నేనొస్త. అన్ని చెప్త.”

కొంగుతో మొహం తుడుచుకుని వానలోకి దిగింది.